కూలికి పోయిన దేవుడు

దగ్గరికి జరిగి కూర్చోండి. నా గొంతు చిన్నది, నా రాత ఇంకా చిన్నది. అయిదో తరగతితో బడి మానేసినదాన్ని, ఎక్కడైనా ఒత్తు తప్పితే మీరే సర్దుకుని చదువుకోండి. జ్ఞాపకం మాత్రం నన్ను ఎప్పుడూ మోసం చేయలేదు. జరిగింది జరిగినట్టే చెప్తాను.

మా పుట్టిల్లు మహబూబాబాద్ దిక్కు, మిరపచేళ్ల ఊరు. కల్లంలో తెల్లబారిన తాలు కాయలు ఏరుతూ మా అవ్వ కథలు చెప్పేది. ఘాటుకు అందరం తుమ్ముతూనే వినేవాళ్లం, ఆమె తుమ్ముతూనే చెప్పేది. ఆ కథలన్నీ నాకు ఇప్పటికీ నోటికి ఉన్నాయి. దేవరుప్పుల పక్కన ఒక ఊరికి కోడలినై వచ్చాను. పెనిమిటి పోయాక బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతూ బతుకుతున్నాను. వండినంతసేపూ చుట్టూ గోలగోలగా ఉంటుంది. వంట గంజులు కడిగి బోర్లించి ఇంటికి వచ్చానంటే ఇక మాట్లాడే మనిషి లేదు. టీవీ పెట్టుకుంటాను. అది చెప్పడమే గానీ వినదు.

నాకు ఒక్కతే బిడ్డ. తాను మెచ్చినవాణ్ని చేసుకుని భూపాలపల్లి దిక్కు ఘనపూర్ పోయింది. అల్లుడిది ఏసుప్రభువును కొలిచే ఇల్లు. బిడ్డ కూడా ఇప్పుడు అక్కడే మోకరిస్తుంది. నేను ఏమీ అనలేదు, అనాలనీ అనిపించలేదు. బిడ్డ నన్ను అడిగింది ఒక్కటే. మనవరాలికి రోజూ సాయంత్రం ఫోన్లో కథ చెప్పు, కానీ దేవుళ్ల కథలు వద్దు, మా అత్తమ్మ నొచ్చుకుంటుంది అంది. సరే అన్నాను.

ఆ సరే ఎంత బరువైనదో చెప్పడం మొదలుపెట్టాక తెలిసింది. నా కథల్లో దేవుడు లేని కథ వెతికితే దొరకదు. రాజుంటే ఆయనకు వరమిచ్చే శివుడుంటాడు. ఆఖరికి నక్క కూడా ఎక్కడో ఒకచోట అమ్మవారికి మొక్కుకుంటుంది. ఏరగా ఏరగా మిగిలినవి చప్పగా ఉండి, పిల్లకు విసుగొచ్చింది. ఒక సాయంత్రం, చుక్కల మీద ఉండేవాళ్ల కథ చెప్పమంది. ఫోన్లో ఏవో బొమ్మలు చూసిందట, ఆకాశంలో పోయే బండ్లు, మూడు కళ్ల మనుషులు. నాకేం తెలుసే అన్నాను. తెలియకుంటే కట్టి చెప్పమంది.

నాకు తెలిసిన అన్నిటికన్నా పెద్ద బండి రైలు. చిన్నప్పుడు మహబూబాబాద్ స్టేషన్ కాడ నిలబడి చూసిన రైలునే ఆకాశంలోకి ఎగరగొట్టాను. గుడికి పోయేవాళ్లు, చర్చికి పోయేవాళ్లు, మసీదుకు పోయేవాళ్లు, ఎటూ పోనివాళ్లు, అందరూ ఎక్కారు. చుక్కలు అటూ ఇటూ జరుగుతుంటే బండి పోతోంది. అక్కడ పిల్ల నన్ను ఆపింది.

"అమ్మమ్మా, ఆడ పొద్దు పొడువదు గదా. మరి తూర్పు ఎటు?"

రేపు చెప్తానన్నాను. మర్నాడు పప్పు కలుపుతున్నంతసేపూ అదే ఆలోచన. గుడివాళ్లకు తూర్పు తెలియదు, మసీదువాళ్లకు పడమర తెలియదు, చర్చివాళ్లకు ఏది ఆదివారమో తెలియదు. సాయంత్రం ఫోను రాగానే చెప్పాను. అందరూ కలిసి డ్రైవర్ని అడిగారు. డ్రైవరు, దిక్కులు నాకూ తెలియవు, మన భూమి మాత్రం వెనక ఉంది అన్నాడు. అప్పుడు అందరూ రైలు చివరి డబ్బాలోకి పోయారు. దానికి వెనక్కి చూసే కిటికీ ఒక్కటే ఉంది. ఎవరి మొక్కు వాళ్లే మొక్కారు, చూపు మాత్రం అందరిదీ ఆ కిటికీలోంచే. పిల్ల, ఇరుకవుతుంది కదా అంది. అవుతుంది, జరుగుతారు అన్నాను.

ఆ తర్వాత మాకు అడ్డు లేదు. చుక్కల మీది దేవుళ్లను ఎవరూ వద్దనలేదు కదా. బండి మొదట ఆగిన లోకంలో ఇద్దరు సూర్యుళ్లు. అక్కడివాళ్లు జొన్నదంట్లంత పొడుగు. నోరు ఉండదు, ఒంటి మీది వెలుగుతో మాట్లాడుకుంటారు. ఒక్కొక్కరికి రెండు నీడలు, ఒకటి తనది, రెండోది దేవుడిది. అందుకని ఎవరూ ఎవరి నీడనూ తొక్కరు. సంత రోజున వాళ్లు నడిచే తిప్పలు చెప్తుంటే పిల్ల పడి పడి నవ్వింది.

రెండో లోకం నేల అడుగున. అక్కడివాళ్ల ఒళ్లు తొలకరికి వచ్చే ఆరుద్ర పురుగులాగా ఎర్రగా, మెత్తగా ఉంటుంది. వాళ్ల దేవుడు లోకాన్ని చేసి పెట్టి, ఇక అక్కడ పని దొరక్క, వేరే చుక్క మీదికి కూలికి పోయాడు. పొద్దుగూకే వేళకు వస్తానని చెప్పి పోయాడు. నేల అడుగున పొద్దు ఎప్పుడు గూకుతుందో ఎవరికి తెలుసు? అందుకని తినేముందు ఒక ముద్ద తీసి మూతపెడతారు. నిద్ర లేచాక తామే తింటారు. వాళ్లకు గుడి లేదు, పాట లేదు, ఆ మూతపెట్టిన అన్నమే పూజ.

ఆ దేవుడు నాకు ఎక్కడి నుంచి వచ్చాడో మీకు చెప్పడానికేం. నా పెనిమిటి బావులు తవ్వే పనికి ఊళ్లు తిరిగేవాడు. ఎప్పుడొస్తాడో తెలియక నేనూ అన్నం మూసిపెట్టేదాన్ని.

నాలుగైదు సాయంత్రాలు వాళ్ల ముచ్చట్లే సాగాయి, ఆ తర్వాత మన రైలు ఆ లోకంలో దిగగానే వాళ్లంతా పైకి వచ్చి, మీరు ఆయన దగ్గర్నుంచి వచ్చారా అని అడిగారు. మనవాళ్లు ఏం చెప్పాలో నాకు తోచలేదు. అవునంటే అబద్ధం, కాదంటే వాళ్ల గుండె ఆగుతుంది. కథ అక్కడ ఆపి పడుకోమన్నాను.

మర్నాడు ఫోను రాలేదు. నేను చేస్తే బిడ్డ, పిల్ల చదువుకుంటోందమ్మా అంది. తర్వాత రోజూ అదే మాట. చివరికి గట్టిగా అడిగితే చెప్పింది. పిల్ల కొన్నాళ్లుగా అన్నంలోంచి ఒక ముద్ద తీసి కిటికీ దగ్గర పళ్లెం మూసి పెడుతోందట. మా వియ్యపురాలు, అంటే అల్లుడి తల్లి, అది చూసింది. ఫోన్లో నైవేద్యాలు నేర్పుతోందా మీ అమ్మ అని, ఇక కథలు బంద్ అంది.

ఆ రోజులు నాకు బాగా గుర్తు. ఫోనుకు చార్జింగు పెట్టే పని ఉండేది కాదు, తగ్గితే కదా. సాయంత్రం కాగానే అలవాటు కొద్దీ చేతులు తుడుచుకుని గడపలో కూర్చునేదాన్ని. ఆ ఎర్రవాళ్లు పైకి వచ్చి అడిగి, జవాబు కోసం అట్లాగే నిలబడి ఉన్నారని అనిపించేది. నేనూ వాళ్లతోనే నిలబడి ఉన్నాను.

బడికి సెలవులిచ్చారు. జనగామ పోయి, హన్మకొండలో బస్సు మారి ఘనపూర్ పోయాను. పిల్లకు ఏం చేసి పట్టుకుపోదామన్నా అది ప్రసాదంలాగే కనబడింది. చివరికి దుకాణంలో బిస్కెట్లు కొన్నాను. నేను పోయేసరికి బిడ్డ పనికి పోయింది, పిల్ల పక్కింట్లో ఆడుతోంది. వియ్యపురాలు చాటలో వేసుకుని గోకరకాయ, అదే గోరుచిక్కుడు, తుంచుతోంది. కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి, మళ్లీ కూర్చుంది. మర్యాదకు తక్కువ చేయలేదు.

"వదినె, ఒక్కటే అడుగుత," అంది. "గా ముద్ద ఏ అమ్మోరికి?"

"ఏ అమ్మోరికీ గాదు వదినె. గాయన మన భూమ్మీదోడే గాదు."

"మరెక్కడోడు?"

"నేనే కట్టిన."

నన్ను కిందికీ పైకీ చూసింది. "దేవుణ్ని గూడ కడ్తవా. మస్తు ధైర్యమే నీది."

మొత్తం చెప్పమంది, దాస్తే నాకు తెలుస్తుంది అని కూడా అంది. చాటలోంచి ఒక గుప్పెడు కాయలు తీసుకుని నేనూ తుంచుతూ రైలు దగ్గర్నుంచి మొదలుపెట్టాను. అట్లా సాక్ష్యం చెప్పినట్టు కథ చెప్పడం నాకు అదే మొదటిసారి. చివరి డబ్బా దగ్గర, గంతమంది ఎట్ల పట్టిన్రు అని అడిగింది. నీడల దగ్గర, తొక్కకపోవడమే మంచిది అంది. కూలికి పోయిన దేవుడి దగ్గరికి వచ్చేసరికి ఆమె చేతులు ఆగాయి.

"వచ్చిండా?"

"ఇంక రాలే."

చేతిలోని కాయను చాటలో పెట్టింది. పక్కింట్లో పిల్లల ఆట చప్పుడు వినబడుతోంది.

"మా ప్రభువు గూడ మళ్ల వస్తనని చెప్పే పోయిండు," అంది నెమ్మదిగా. "మేం ముద్ద పెట్టం. గంతే ఫరక్."

నేను అనాల్సిన మాట ఆమే అనేసింది. చాట పక్కకు జరిపి, ఆ ఎర్రవాళ్లకు మనవాళ్లు ఏం జవాబు చెప్పారని అడిగింది. నాకే తెలియదన్నాను.

"మేం గూడ ఎదురుచూసేటోళ్లమే అని చెప్పమను. అబద్ధం గాదు గదా." తర్వాత లేచి చేతులు కడుక్కుంటూ, "కథ చెప్పుకో వదినె. పళ్లెం మాత్రం వద్దు, చీమలు వడుతున్నయి," అంది.

ఆ సాయంత్రం పిల్లకు ఆ జవాబు చెప్పాను. వాళ్ల నాయనమ్మ తలుపు దగ్గర నిలబడి విన్నది, కూర్చోలేదు. తెల్లారి బస్సెక్కుతుంటే, ఇక నా సాయంత్రాలు నాకు దొరికాయనుకున్నాను.

బడులు తెరిచేసరికి పిల్లకు గురుకులంలో సీటు వచ్చింది. మంచిదే, చదువుకోవాలి. హాస్టల్లో ఫోను వరుసలో నిలబడితే దొరుకుతుంది, ఆ కాసేపు వాళ్లమ్మకే చాలదు. సెలవులకు వచ్చినప్పుడు నా మోకాళ్ల నొప్పి అడుగుతుంది, ప్రేమగానే అడుగుతుంది. చుక్కలవాళ్ల సంగతి అడగదు. ఎదిగే పిల్ల, తప్పేముంది.

ఎప్పుడైనా ఒక ఆదివారం, ప్రార్థన అయ్యాక, వదినె ఫోను చేసేది. వానలు, పత్తి, బిడ్డ ఆరోగ్యం, అన్నీ అయ్యాక కొంచెం ఆగి, గా నేల అడుగునోళ్లు ఎట్లున్నరు అనేది, చుట్టాలను అడిగినట్టే. రెండు మాటలు కలిపి చెప్పేదాన్ని. ఈ వానాకాలం నుంచి ఆమెకు చెవులు బాగా మందగించాయి. నేను చేసినా మోగినట్టు తెలియడం లేదట. కథ నా దగ్గరే ఉండిపోయింది. అందుకే పలక పట్టిన నాటి రాత గుర్తు తెచ్చుకుని, కూడబలుక్కుని ఇది రాశాను. ఇంతసేపు కూర్చున్నారు, అదే పదివేలు.

మీ ఇల్లు చల్లగుండాలి. మీ గంజిలో మెతుకు తరగకూడదు. మీ ఇంట్లో ఎవరు ఎటు తిరిగి మొక్కినా, అన్నం వేళకు అందరూ ఒక్క బంతిలో కూర్చోవాలి.