మొదటి తొన

తలుపు వెనక ఇత్తడి పళ్లెంలో గింజ పడిన చప్పుడు. కాసేపటికి మరొకటి. ఆ వెంటనే సన్నని గొంతు: "ఇది తీపేనన్నయ్యా." అప్పుడు గానీ తులసమ్మ వసారాలోకి వచ్చేది కాదు, ఒలిచిన కమలాపండు చేత్తో పట్టుకుని. చలికాలపు ఎండను ఎవరో ఆమె తెల్లచీర మీద పల్చగా ఆరేసినట్టుండేది.

పంతొమ్మిది వందల ముప్పై నాలుగులో నేను భీమడోలు బడిలో పనిచేస్తూ వాళ్ల వీధిగదిలో అద్దెకున్నాను. ఇంటాయన నరసింహమూర్తిగారు. కాళ్ల పారాణి ఆరకముందే భర్త పోయి పుట్టింటికి చేరిన చెల్లెలు తులసమ్మ. ఆయన పంటికి పులుపు తగలకూడదు. అందుకని ప్రతి పండులోనూ మొదటి తొన ఆమె తినాలి. తీపైతే మిగతాది ఆయనకు, పులుపైతే అంతా ఆమెకే. "తొనకు తొన వేరు, ఎంగిలంటదు" అనేవారాయన.

రైల్లో వచ్చిన పళ్లబుట్టలోంచి ఏరడమూ ఆమె పనే. కమలా అయితే తొక్క వదులుగా ఉండాలి, బత్తాయి చేతిలో బరువు తూగాలి. అంత బాగా ఏరేది గనక ఇంట్లోకి పుల్లనివి రావడం తగ్గింది. ఆమె తినడమూ తగ్గింది.

"ఒక్క తీపి పండు, తొనలన్నీ నేనే తినాలనుందండి మేష్టారూ" అంది ఒకసారి.

పుష్యమాసంలో ఒక ఉదయం, ఓరగా తెరిచున్న తలుపు వెనక, తొన నోట వేసుకుని కళ్లు మూసుకుంది. చాలాసేపు తెరవలేదు.

"పులుపన్నయ్యా."

"ఏదీ, ఇలా తే."

ఆయన ఒక తొన తిని నవ్వారు. "అయ్యో, నీ నాలిక పాడైందే తులసీ!"

"పాడవదూ మరి, దొంగతిండి మరిగాక!" అంది వదిన మంగతాయారు.

"తిట్టకే. బాగుచేద్దాం."

పెరట్లో నారింజచెట్టుంది. పచ్చడికి తప్ప పనికిరాని పుల్లటి కాయలు. రోజూ పొద్దున్నే ఆయనే కోసి, ఎదురుగా కూర్చుని తినిపించేవారు. తొనతొనకూ, "ఎలా ఉందమ్మా?" అని మెత్తగా అడిగేవారు. "తీపేనన్నయ్యా" అనాలి. అనేదాకా లేవనిచ్చేవారు కాదు. ఆమె పెదవులు చిట్లాయి. శివరాత్రికి కూడా ఆ వైద్యం ఆగలేదు.

నాకు ఏలూరు బదిలీ అయింది. వెళ్లేరోజు మంచి కమలా ఒకటి కొని, ఎవరూ లేనప్పుడు ఆమె చేతిలో పెట్టాను. నూతిగట్టు మీద కూర్చుని తొనలన్నీ తింది. తిని, నా ముఖంలోకి చూసింది.

"ఇది తీపేనా మేష్టారూ? మీరే చెప్పండి. ఏది నోట పెట్టినా, నాకు 'తీపేనన్నయ్యా' అనే వస్తోందండీ."