హగరికి దోసెడు నీళ్ళు

ఫ్లైఓవర్ కింద నడుస్తుంటే మెడ మీద చల్లటి చుక్క పడింది. పైనుంచి కారుతున్న ఆ నీళ్ళ పాచి వాసనకు హగరి నది గుర్తొచ్చింది.

చిన్నప్పుడు ఒక ఎండాకాలం అవ్వ చెయ్యి పట్టుకుని ఎండిన నదిలో నడుస్తున్నాను. తలెత్తితే పాత రాతి స్తంభాలు, వాటి మీద ఆకాశంలో నీళ్ళు పోతున్న చప్పుడు. ఇసుక కాలుతోందని నదే పైకెక్కి పోతోందనుకున్నాను.

"అవ్వా, నది మళ్ళా ఎప్పుడు దిగుతాది?"

"అది నది గాదమ్మా, నది మీద కట్టిన కాలవ. మన మడికి పోతాండాది."

రాళ్ళ సందులోంచి కారే నీళ్ళకు అవ్వ దోసిలి పట్టింది. తాగుతుందనుకున్నాను. నిండాక వంగి ఇసుకలో పోసింది.

"నెత్తి మీదనే నీళ్ళు పోతాంటే ఈయమ్మకు దప్పిక గాదా?"

ఇసుక గుటుక్కున తాగేసింది. నది లేచి కూర్చుంటుందేమోనని ఊపిరి బిగబట్టి చూశాను.

ఇవాళ కూడా నాకు తెలియకుండానే చుక్కల కింద అరచెయ్యి పట్టాను. కింద తారురోడ్డు. ఎవరికి పొయ్యాలో తెలియక అలాగే నిలబడ్డాను.