టీ కొట్లో మోగిన కథ

రాధాకృష్ణమూర్తి మాస్టారికి నవ్వడం చేతకాదు. నవ్వించే కథలు రాసేవాళ్లలో చాలామందికి ఉన్న జబ్బే ఇది. ప్రత్తిపాడు అవతల ఒక పల్లెటూరి హైస్కూల్లో తెలుగు చెప్పేవాడు. పెళ్లి భోజనాల్లో కూడా పరీక్ష పేపర్లు దిద్దుతున్న మొహంతో కూర్చునేవాడు. “ఈ కథలు నిజంగా మీరే రాస్తున్నారా, ఎక్కడినుంచైనా ఎత్తుకొస్తున్నారా?” అని ఆయన భార్య శ్యామలాంబ అప్పుడప్పుడు దెప్పేది.

ఎత్తుకొస్తున్న మాట నిజమే. ఆయన అద్దెకుంటున్న ఇంటి పెరటిగోడకి అవతల మిరపకాయల షెడ్డు ఉండేది. కోతలు మొదలైనప్పటినుంచి ఎండలు ముదిరేదాకా పాతికమంది ఆడవాళ్లు అక్కడ బారులు తీరి కూర్చుని కాయలకి ముచ్చికలు తుంచేవారు. చేతులు భగభగ మండుతూ, ఘాటుకి కళ్లు కారుతూ ఉంటే, నోరైనా ఆడకపోతే ఆ పని సాగదు. అత్తల మీదా, మొగుళ్ల మీదా, మేస్త్రీ మీదా వాళ్లు విసిరే మాటలు గోడ దాటి వచ్చేవి. మాస్టారు ఇవతల కుర్చీ వేసుకుని, ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని, తుమ్ము ఆపుకుంటూ నోటుబుక్కులో రాసుకునేవాడు. బళ్లో ఎవడైనా పక్కవాడి పేపర్లో చూసి రాస్తే బెత్తం విరిగేదాకా కొట్టేది కూడా ఈయనే.

ఆ షెడ్డులో అందరికంటే పదునైన నోరు వెంకటరావమ్మది. ఆమె ఒక మాటంటే మాస్టారికి ఒక పేజీ నిండేది.

తొంభై ఎనిమిది చివర్లో పత్తిని పచ్చపురుగు తినేసింది. ఏ మందు కొట్టినా చావలేదు. వెంకటరావమ్మ మొగుడు యలమందయ్య కౌలుచేను గట్టుమీద కూర్చుని, డబ్బాలో మిగిలిన మందు తాగేశాడు. ఊళ్లోవాళ్లు ట్రాక్టరు మీద గుంటూరు తీసుకెళ్లారు. బతికాడు. మందు కల్తీదని తేలింది.

ఇరవై రోజుల తర్వాత వెంకటరావమ్మ షెడ్డుకొచ్చింది. ఏమనాలో తెలియక అందరూ తలలు వంచుకుని కాయలు గిల్లుతున్నారు. ఆమే నోరు విప్పింది.

“ఏంటే, చావింటికొచ్చినట్టు కూర్చున్నారు? ఎవరూ చావలా ఇక్కడ. మూడుసార్లు కొడితే పురుగు చావలా, మిగిలింది ఈయన తాగితే ఈయనా చావలా. రేపు కొట్టుకెళ్లి అడుగుతా, పురుగూ చావక, మొగుడూ చావక, ఇంకెందుకయ్యా నీ మందు అని!”

షెడ్డంతా గొల్లుమంది. నవ్వీ నవ్వీ ఒకావిడ ఏడుపులోకి దిగింది. ఆమె వెనకే ఇంకో ఇద్దరు. గోడ ఇవతల మనసున్నవాడెవడైనా అక్కడితో నోటుబుక్కు మూసేసేవాడు. మాస్టారు అక్షరం పోకుండా రాసుకున్నాడు.

ఆ ఉగాదికి ఒక వారపత్రిక పెట్టిన హాస్యకథల పోటీలో ఆ కథకే మొదటి బహుమతి వచ్చింది. అందులో పుల్లయ్య అనే ఒక వెర్రిబాగులవాడు ఉంటాడు. మందు తాగుతాడు, చావడు, డబ్బా పట్టుకుని కొట్టువాడితో తగాదాకి దిగుతాడు. భార్య అన్న మాట కూడా మాస్టారు ఆ వెర్రివాడి నోట్లోనే పెట్టాడు. పేరు మార్చాడు, ఊరు మార్చాడు, ఇంకేముంది అనుకున్నాడు. చుట్టుపక్కల పది ఊళ్లలో మందు తాగి బతికినవాడు ఒక్కడే ఉంటే పేరు మార్చి ఏం లాభం? ఆ మాత్రం ఆలోచన రాలేదు ఈ బీఏ చదివిన పెద్దమనిషికి.

అక్కడితో ఆగినా బాగుండేది. గుంటూరు బ్రాడీపేటలో హాస్య కార్యక్రమాలు చేసే కుర్రాళ్లు ఆ కథని గొంతులు మార్చి, మధ్యలో డోలక్ వాయించి క్యాసెట్టు చేశారు. అది ఊరూరా అమ్ముడుపోయింది. బస్టాండు దగ్గర కోటేష్ టీ కొట్లో పొద్దస్తమానం అదే. యలమందయ్య దూరం నుంచి కనిపించగానే ఎవడో ఒకడు “ఒరేయ్, పెట్టండ్రా” అనేవాడు. ఆయన వచ్చి బల్లమీద కూర్చునేసరికి పుల్లయ్య మందు తాగుతూ ఉండేవాడు.

ఒకరోజు యలమందయ్య బడికొచ్చాడు. వరండా కింద చెప్పులు విడిచి నిలబడ్డాడు.

“సార్, కోటేష్ మీ దగ్గర చదువుకున్నోడే. మీ మాట వింటాడు. ఆ క్యాసెట్టు పెట్టొద్దని ఒక్కసారి చెప్పండి సార్.”

“అందులో ఉన్నది నువ్వు కాదయ్యా, పుల్లయ్య.”

“నాకు తెలుసు సార్. వాళ్లకి తెలీదు.”

“నాలుగు రోజులు పోతే వాళ్లే మర్చిపోతార్లే. నవ్వితే నవ్వనీ, మన సొమ్మేం పోయింది?”

యలమందయ్య సరే సార్ అని, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మాస్టారు కోటేష్‌తో ఆ ముక్క చెప్పలేదు. మర్చిపోయి కాదు. సాయంత్రాలు ఆ కొట్టు ముందునుంచి నడుస్తుంటే తన వాక్యాలకి జనం పొట్టలు పట్టుకుని నవ్వడం చెవులకి ఇంపుగా ఉండేది. పుట్టి బుద్ధెరిగాక అంత సుఖం ఆయన ఎరగడు.

వినాయక చవితి వెళ్లిన వారానికి యలమందయ్య సాగర్ కాలువలో తేలాడు. కాలువగట్టుకి ఊరంతా వెళ్లింది. మాస్టారూ వెళ్లాడు. జనంలోంచి ఎవడో మెల్లిగా అన్నాడు, “ఈసారి మందుని నమ్ముకోలా.” పక్కవాడు మూతికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకున్నాడు.

మాస్టారి చెయ్యి జేబులో కలం మీదికి పోయింది. మాట బాగుందనిపించింది ఆయనకి. శవం ఇంకా గట్టెక్కలేదు, వెంకటరావమ్మ బురదలో కూర్చుని నెత్తి బాదుకుంటోంది, ఈయనకి మాట బాగుందనిపించింది. ఆ చెయ్యి తనదేనని తెలిసేసరికి దాన్ని వెనక్కి లాక్కున్నాడు. ఇంటికొచ్చి పెరట్లో కుర్చీ తీసేశాడు. ఆ సంవత్సరమే బదిలీ చేయించుకుని అద్దంకివైపు వెళ్లిపోయాడు. మళ్లీ ఒక్క కథ రాయలేదు. నేరం చేసినవాడు ఊరు మారితే నేరం అక్కడే ఉండిపోతుందా? అది ఆయన్ని ఏ పూటా వదల్లేదు.

రెండువేల అయిదులో రిటైరయ్యాడు. గుంటూరు పబ్లిషరొకాయన పాత కథలన్నీ పుస్తకంగా వేస్తానని, మందు కథ మొదట ఉండాలని పట్టుబట్టాడు. అది తీసేస్తున్నానని చెప్పి క్షమాపణ అడుగుదామని మాస్టారు ఆరేళ్ల తర్వాత ఆ ఊరు వెళ్లాడు.

వెంకటరావమ్మ అదే షెడ్డులో ఉంది. ఈయన్ని చూడగానే ఆడవాళ్లంతా మాటలాపేశారు. మాస్టారు నిలబడే చెప్పాడు.

“నీ మాట దొంగిలించానమ్మా. దానివల్లే ఆయన పోయాడు. ఆ కథ పుస్తకంలో ఉండదు.”

ఆమె కాయ ముచ్చిక తుంచి కుప్పలో వేసింది.

“ఆ మాట నాది కాదు సార్. ఆయనదే. ఆస్పత్రిలో నేను అన్నం ముట్టకుండా ఏడుస్తుంటే నన్ను నవ్వించడానికి అన్నాడు. ఇంట్లో రోజూ ఏదో ఒకటి అని నవ్వించేవాడు. నేనిక్కడికొచ్చి చెప్పేవన్నీ ఆయనవే. మీరేమో ఆయనకి బుర్ర లేదని రాశారు.”

పదేళ్లపాటు గోడకి చెవి ఆనించి ఎవరి మాటలు రాసుకున్నాడో మాస్టారికి అప్పుడు తెలిసింది.

“తీసేయొద్దు సార్,” అంది ఆమె. “ఆయన పేరు పెట్టి రాయండి. యలమందయ్య నవ్వించేవాడని రాయండి.”

“రాస్తానమ్మా. తప్పకుండా రాస్తా. ఇంకా ఏమేం అనేవాడో చెప్పు.”

వెంకటరావమ్మ చేతులు ఆగాయి. చాలాసేపు ఆలోచించింది. ఒకటి నోటిదాకా వచ్చినట్టే వచ్చి పోయింది.

“గుర్తు రావట్లేదు సార్,” అంది. “ఆ క్యాసెట్టు వచ్చాక ఆయన ఇంట్లో ఏమీ అనలా.”