అత్తయ్య ఇల్లు దాటితేగా... చెరువు!

మా చిన్నప్పుడు... ఆదివారం చీకటుండగానే బెజవాడలో స్కూటరెక్కినా, గూడబాతులు ఎగిరిపోయాకే చెరువుకి చేరేవాళ్ళం. కారణం ఒక్కటే... కంకిపాడు అత్తయ్య.

కంకిపాడు అవతల, కాలవ నీళ్ళు నిలవ పెట్టడానికి తవ్విన పెద్ద మంచినీళ్ళ చెరువు ఉండేది. మనుషుల కోసం తవ్వితే పక్షులు కాపురం పెట్టేశాయి. చలికాలంలో గూడబాతులు, ముక్కు కింద సంచీ వేలాడే ఆ పెద్ద పక్షులు, వచ్చేవి. పొద్దు పొడిచే వేళకి అన్నీ ఒక్కసారిగా లేస్తాయని, ఆ రెక్కల చప్పుడు వినితీరాలని నాన్న ఊరించేవాడు. అది చూడాలని నాకు ప్రాణం కొట్టుకునేది.

చూడనిస్తేగా!

అత్తయ్య అంటే నాన్నకి అక్క. ఇల్లు సరిగ్గా రోడ్డు మీదే. స్కూటర్ చప్పుడు వినిపిస్తే చాలు, గుమ్మంలోకి వచ్చేసేది. అక్క గుమ్మం ముందు నుంచి దిగకుండా పోతే నలుగురూ ఏమనుకుంటారని నాన్న బండి ఆపేవాడు. ఐదే ఐదు నిమిషాలనేవాడు. ముందు కాఫీ... ఆనక పెసరట్లు... మేం వస్తున్నట్టు కబురు లేకపోయినా ఆవిడింట్లో పెసలు ఎలా నాని ఉండేవో! రుబ్బురోలు ముందు కూర్చుని, తాపీగా రుబ్బుతూ, ఊళ్ళో అందరి సంగతులూ చెప్పేది. నేను గుమ్మంలో నిలబడి, తెల్లారిపోతున్న ఆకాశాన్ని చూస్తూ పళ్ళు నూరుకునేదాన్ని. చెరువు చేరేసరికి ఎండెక్కి, జమ్ములో నాలుగు నీటికోళ్ళు, గట్టు మీద గేదెలు మిగిలేవి.

ఓ ఏడాది నాన్నకీ విసుగొచ్చింది. అత్తయ్య ఇంటికి కాస్త ఇవతలే ఇంజిన్ ఆపేశాడు. నాన్న, అమ్మ, నేను... చీకట్లో స్కూటర్ తోసుకుంటూ, దొంగల్లా. గాజుల చప్పుడు కాకుండా అమ్మ చేతులు కొంగులో చుట్టుకుంది.

ఎదురుగా అత్తయ్య... కళ్ళాపి బకెట్‌తో.

బండి ఆగిపోయిందన్నాడు నాన్న. అత్తయ్య బండిని చూసింది. అమ్మ కొంగునీ చూసింది.

"బాగుచేయించుకో తమ్ముడూ. బాగయ్యాక ఎప్పుడన్నా నన్నూ ఓసారి తీసుకెళ్ళు. ఇంత దగ్గర్లో ఉండి కూడా నేనా చెరువు చూళ్ళేదు."

నాన్న తలెత్తలేదు. అమ్మే బకెట్ అందుకుని, "మీరెక్కండి వదినా, పిండి సంగతి నేను చూసుకుంటాను" అంది.

దారంతా నాన్న ఒకటే జాగ్రత్తలు. గట్టు మీద మాట్లాడకూడదు, దగ్గకూడదు, తుమ్మకూడదు. అత్తయ్య బుద్ధిగా తలూపింది. గట్టెక్కాం. పొద్దు ఇంకా పొడవలేదు. నీళ్ళ మీద తెల్లగా, ఎటు చూసినా గూడబాతులే. ఊపిరి బిగబట్టి చూస్తున్నాను...

అత్తయ్య రెండు చేతులూ గట్టిగా చరిచి, "హోయ్... హోయ్!" అని కేకేసింది.

చెరువు చెరువంతా లేచింది. ఆ రెక్కల చప్పుడు నా గుండెల్లో మోగింది.

"కళ్ళంలో గింజల మీద పిట్టలు వాలినట్టే అనిపించింది తమ్ముడూ... అలవాటు" అంది అత్తయ్య, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. నాన్న నెత్తి కొట్టుకున్నాడు. ఆవిడ మాత్రం ఆఖరి పక్షి కనుమరుగయ్యేదాకా తల దించలేదు.

తిరిగొచ్చేసరికి అమ్మ పెసరట్లు పోస్తోంది. పక్కింటావిడ చెప్పిందట... చలికాలం మొదలైతే చాలు, అత్తయ్య ప్రతి శనివారం రాత్రీ పెసలు నానబోస్తుందని. మేం రాని వారాల్లో కూడా.

మొన్న మా పిల్లల్ని తీసుకెళ్ళాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ ఇల్లు పోయింది. అంతకు ముందే అత్తయ్యా పోయింది. ఎవరూ ఆపలేదు కాబట్టి చీకటుండగానే చేరిపోయాం. గట్టు చుట్టూ సిమెంటు బాట, ఫొటోలు దిగడానికి రంగులేసి నిలబెట్టిన సిమెంటు గూడబాతు, నిశ్శబ్దం పాటించమని బోర్డు... ఆ బోర్డు కిందే ఎవరి ఫోన్లోనో పాటలు. మా వాళ్ళు సిమెంటు దాంతో ఫొటోలు దిగుతూ కూర్చున్నారు. అసలువి ఎక్కడో దూరంగా కొన్ని ఉన్నాయి. అవి ఎప్పుడు లేచి వెళ్ళాయో ఒక్కరం కూడా చూడలేదు. వచ్చేటప్పుడు ఆకలేసి హోటల్లో పెసరట్టు అడిగితే, అయిపోయిందన్నారు.

మీరు వస్తారో రారో తెలియకుండానే పెసలు నానబోసుకుని ఎదురుచూసే మనిషి మీ దారిలోనూ ఉండేవారా? రాయండి... తీరిగ్గా చదువుతాను. నన్నిప్పుడు ఆపేవాళ్ళెవరూ లేరు.