షాక్ కొట్టే నల్లా

కొన్నాళ్లుగా ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది. ఆబిడ్స్‌లో మేముండే ఫ్లాటు కొత్తగా కట్టిందే. ఇవాళ ఎలక్ట్రీషియన్ వచ్చి, ఫ్రిజ్ ప్లగ్గు పీకి, సాకెట్ విప్పాడు. లోపల ఎర్త్ తీగే లేదు. దాని బదులు న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు ఓ వైరు ముక్క కలిపేశారు. న్యూట్రల్ ఎక్కడైనా ఊడిందంటే ఫ్రిజ్ ఒళ్లంతా కరెంటే!

"ఏం గాదు సార్, శానా ఇండ్లల్ల గిట్లనే ఉంటది. చెప్పులేస్కొని ముట్టుండ్రి," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఈ మాట నేను చిన్నప్పుడే విన్నాను. నాంపల్లి కిరాయి ఇళ్లలో పెరిగినవాళ్లారా, గుర్తుందా, వాకిట్లో అందరికీ కలిపి ఒకటే నల్లా? మా ఓనరమ్మ ఆ ఇళ్లన్నిటి ఎర్త్ వైరును ఆ నల్లా పైపుకే చుట్టించింది. ఎవరింట్లో హీటర్ పెట్టినా నల్లా షాక్ కొట్టేది. తడి సిమెంటు వాసన, ఇత్తడి బిందెలు, గట్టు పక్కన అందరికీ కలిపి ఒక జత హవాయి చెప్పులు.

"అరచేత్తో పట్టుకోకురా, ముందు చెయ్యి తిరగేసి తాకి చూడు," అనేది అమ్మ.

ఆ వైరు సంగతి తేల్చమని ఒక్కరూ గట్టిగా అడగలేదు. చెప్పులు అరిగితే మాత్రం సుల్తాన్ బజార్ వెళ్లి కొత్త జత తెచ్చేవారు.

నేనింకా ఎలక్ట్రీషియన్‌తో గొడవపడుతుండగానే మా పాప నీళ్ల సీసా కోసం వచ్చింది. చెప్పులేసుకుంది. ప్లగ్గు పీకేసిన ఫ్రిజ్‌ను కూడా చెయ్యి తిరగేసి తాకి చూసింది.

దానికి ఎవరూ నేర్పలేదు. రోజూ నన్ను చూస్తోంది, అంతే.