ఫ్యాన్ రెక్కకు పెట్టిన బొట్టు

మా పాప నెలలు నిండకుండానే పుట్టింది. నాలుగో నెల వచ్చినా చూపు నా ముఖం మీద నిలిచేది కాదు. కళ్ళ డాక్టరుగారు పరీక్ష చేసి, "కదిలే వస్తువు వెంట చూపు తిప్పుతోందేమో గమనించండి. వచ్చేసారి చెబుదురుగాని" అన్నారు. ఇక ఇంట్లో ఏది కనబడితే అది పాప ముందు ఊపుతూ కూర్చునేదాన్ని. గిలక్కాయకు తల తిప్పితే, చప్పుడుకు తిప్పిందేమోనని మళ్ళీ దిగులు.

ఇంతలో మా గదిలో ఫ్యాన్ కాలిపోయింది. మా ఆయనకు నరసరావుపేటలో మోటార్లు రీవైండింగ్ చేసే షాపు ఉంది. తనే బాగుచేసి తెచ్చి బిగించాడు. అత్తయ్య కింద నిలబడి చూసింది.

"ఏందిరా ఇది, బతిమాలితే గానీ తిరగదా?"

మాటలతో తేలదని ఆయన షాపు నుంచి టాకోమీటరు తెచ్చాడు. ఫ్యాన్ ఆపి, ఒక రెక్కకు గోరంత మెరిసే టేపు ముక్క అంటించాడు.

"ఫ్యాన్‌కి బొట్టెందుకురా?"

"చుట్టు తిరిగొచ్చినప్పుడల్లా ఆ ముక్క లైటుని ఎనక్కి కొడుద్దమ్మా. నిమిషానికి ఎన్ని చుట్లో ఈ మిషన్ లెక్కేసి చెప్పుద్ది."

ఆ మిషన్‌లోంచి వచ్చే ఎర్ర వెలుగు పాప కళ్ళలో పడుతుందేమోనని నేను పాపను ఎత్తుకుని వరండాలోకి వెళ్ళిపోయాను. లోపల ఆయన, "చూడు, కొత్తదానికేం తీసిపోలేదు" అంటున్నాడు. "నాకు గాలి తగిలితే నమ్ముతా" అంటోంది అత్తయ్య. ఆ గొడవలో టేపు తీయడం మరిచిపోయాడు.

మరునాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాన్ నెమ్మదించి రెక్కలు విడివిడిగా కనబడసాగాయి. కిటికీ వెలుతురుకు టేపు మెరుస్తూ తిరుగుతోంది. మంచం మీద వెల్లకిలా పడుకున్న పాప కళ్ళు కూడా తిరుగుతున్నాయి. గదిలో ఏ చప్పుడూ లేదు.

నమ్మడానికి భయమేసింది. అత్తయ్యను పిలిచి, బూజుకర్రతో రెక్కను మెల్లగా తోయమన్నాను. పాప చూపు దాని వెంటే వెళ్ళింది.

"ఇప్పుడు ఎదురు తిప్పండి అత్తయ్యా."

పాప కళ్ళు ఒక్క క్షణం ఆగి, అవీ ఎదురు తిరిగాయి.

"చూస్తందే అమ్మాయ్" అంది అత్తయ్య. కర్ర మాత్రం దించలేదు. దానికున్న బూజంతా మా తలల మీద రాలుతోంది.

సాయంత్రం ఆయన స్టూలెక్కి టేపు పీకబోయాడు.

"ఒరేయ్, దాని జోలికెళ్ళావంటే స్టూలు లాగేస్తా" అంది అత్తయ్య.

ఎల్లుండి డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాలి. ఆయన చూసి చెప్పేదాకా నాకు పూర్తిగా కుదుటపడదు. రేపు పొద్దున పాప లేవగానే ఫ్యాన్ ఆపుతాను. మళ్ళీ వేసి, మళ్ళీ ఆపుతాను.