తోడు గిన్నె

గోరువెచ్చని పాలలో చెంచాడు మజ్జిగ తోడు వేస్తుంటే, ఆ పుల్లటి వాసనకు ఇప్పటికీ నా వెన్ను నిటారవుతుంది.

మా ఊళ్లో సముద్రం ఒడ్డున, చేపలు ఆరబెట్టే దిబ్బ మీద ఒక నల్లకుక్క ఉండేది. దాన్ని చూస్తే నాకు పై ప్రాణాలు పైనే పోయేవి. ఒకరోజు ఇంట్లో తోడు లేదు. మా అవ్వ నా చేతికి చిన్న గిన్నె ఇచ్చి, దిబ్బకు అవతలున్న రమణక్క ఇంటికి పొమ్మంది. నేను ఏడుపు లంకించుకున్నాను. అవ్వ నా నెత్తిన చెయ్యి పెట్టి, "యేసయ్యా, బిడ్డకి తోడుండు" అని ప్రార్థన చేసింది. ఆమెన్ అంటూనే, "పో మే, తోడు తీసుకురా" అంది.

రెండు తోడులూ ఒకటే అనుకున్నాను. యేసయ్య రమణక్క మజ్జిగ కుండలో ఉంటాడు కాబోలు! వెళ్లేటప్పుడు ఖాళీ గిన్నెను గుండెకు అదుముకుని, కుక్క పక్కనుంచే వెళ్లాను. వచ్చేటప్పుడు గిన్నె అడుగున మజ్జిగ ఉంది. కుక్క లేచి గుర్రుమంది. గిన్నె దాని మొహం ముందు పెట్టి, "నా దగ్గర తోడుండాది, చూడు!" అని అరిచాను. అది తోక ముడిచి పడవ చాటుకు పోయింది.

ఇంటికొచ్చి గొప్పగా చెప్పాను. అవ్వ పడీపడీ నవ్వి, పాలలో తోడు వేస్తూ అడిగింది.

"సరేగానీ మే, పోయేటప్పుడు గిన్నె ఖాళీనే గదా. అప్పుడెవురుండారు నీకు తోడు?"

నేను ఖాళీ అయిన గిన్నెలోకి తొంగిచూశాను. పెద్దయ్యాక ఎన్నో గడపలు ఖాళీ చేతులతోనే ఎక్కాను. ఏ గడప ముందూ ఒంటరిగా నిలబడలేదు.